ప్రకటన మైకులకు చెవి పెట్టండి: విజయవాడ అధికారులకు బహిరంగ లేఖ

విజయవాడ బస్టాండ్లలో, రైల్వే ప్లాట్‌ఫారాల మీద, స్నాన ఘాట్లలో, గుడి క్యూలైన్లలో, పెద్దాసుపత్రుల ఓపీ హాళ్లలో మైకు ప్రకటనల బాధ్యత చూసే ఇంజినీర్లకు, ఆ పనులకు టెండర్లు రాసే అధికారులకు,

నమస్కారం.

మైక్‌సెట్లు, పబ్లిక్ అడ్రస్ (పీఏ) సిస్టమ్‌లు బిగించి సెట్టింగులు చేసే పనిలో ఉన్నవాళ్లం మేము. మా విన్నపం ఒక్కటే. ప్రకటన ఎంత సౌండుతో రావాలో ఆ నిమిషంలో అక్కడున్న రొదను బట్టి సిస్టమే తేల్చుకునే ఏర్పాటు పెట్టించండి. రొద పెరిగితే సౌండు పెరగాలి, రొద తగ్గితే సౌండు తగ్గాలి. పెరగడం గురించి అందరూ అడుగుతారు. తగ్గడం గురించి అడిగేవాళ్లు తక్కువ. మేము రెండోదాని కోసమే ఎక్కువగా రాస్తున్నాం.

చాలాచోట్ల పద్ధతి ఇలా ఉంటుంది. సాయంత్రం రద్దీలో యాంప్లిఫయర్ నాబు తిప్పి, వినపడిందనిపించాక దాని మీద టేపు అంటిస్తారు. ఆ సెట్టింగే తెల్లవారుజామున 3 గంటలకూ నడుస్తుంది. అప్పుడు బెంచీల మీద, నేల మీద దుప్పట్లు పరుచుకుని పడుకున్న జనం ఉలిక్కిపడి లేస్తారు, పసిపిల్లలు ఏడుపు అందుకుంటారు. ఎవరో విసుగొచ్చి టేపు పీకి నాబు తగ్గిస్తారు. పొద్దున 8 గంటలకు రద్దీ మొదలయ్యాక ఒక్క ముక్క వినపడదు. నాబు పెట్టినవాళ్ల తప్పు లేదు, తగ్గించినవాళ్ల తప్పూ లేదు. రోజంతా ఒకే సెట్టింగు సరిపోయే చోటు మన ఊళ్లో లేదంతే.

బస్సు తలుపు దగ్గర నిలబడి "గుంటూరు, గుంటూరు, గుంటూరు" అని పిలిచే కండక్టరును గమనించండి. పక్క బస్సు ఇంజన్ స్టార్ట్ అయితే ఆయన గొంతు దానంతటదే లేస్తుంది. ఇంజన్ ఆగితే తగ్గుతుంది. ఆయన కావాలని చేసేది కాదు, చెవి చెబితే గొంతు వింటుంది. ఎతియెన్ లొంబార్డ్ అనే ఫ్రెంచి చెవి, ముక్కు, గొంతు డాక్టరు 1911లో దీన్ని వివరించాడు కాబట్టి ఆయన పేరే దీనికి ఉండిపోయింది. ఇప్పుడు అనౌన్సరు సంగతి చూడండి. అద్దాల గదిలో, తలుపు వేసుకుని కూర్చుంటారు. బయట రొద చెవిన పడదు కాబట్టి గొంతు లేవదు. కంప్యూటర్ రికార్డింగుకైతే చెవే లేదు. కండక్టరుకు పుట్టుకతో వచ్చింది ఈ సిస్టమ్‌లకు మనం పెట్టాలి. కార్లలో వేగం పెరిగేకొద్దీ పాట సౌండు పెరిగే ఏర్పాటు చాలామందికి తెలుసు. అదే సూత్రం, కాకపోతే బస్టాండులో వేగాన్ని బట్టి కుదరదు, రొదనే నేరుగా కొలవాలి.

ఎంత పెరగాలి, ఎంత తగ్గాలి అన్నది లెక్కతో చెబుతాం. మాట అర్థం కావాలంటే వినేవాడి చెవి దగ్గర అది రొద కంటే కనీసం 10 డెసిబెల్లు పైన ఉండాలి. 15 దాటాక పెంచినా ఉపయోగం లేదు. మాట స్పష్టతను కొలిచే ఎస్‌టీఐ లెక్కలో కూడా 15కి పైన వచ్చేదాన్ని లెక్కలోకి తీసుకోరు. అర్ధరాత్రి రొద 55 ఉందనుకోండి, ప్రకటన 67 దగ్గర ఉంటే హాయిగా వినపడుతుంది. రద్దీలో రొద 78కి చేరితే 86 అయినా కావాలి. అక్కడ 10 తేడా రాదు, 8తో సరిపెట్టుకుని ప్రకటనను రెండుసార్లు చెప్పించాలి. అంటే రొద 23 డెసిబెల్లు పెరిగినప్పుడు మాట 19 పెరిగింది. సెట్టింగులో ఈ నిష్పత్తినే అడుగుతారు, ఇక్కడ అది సుమారు 0.8. ఒకటికి ఒకటి పెట్టేస్తే రద్దీలో స్పీకర్లు అరుస్తాయి. 0.3 లాంటిది పెడితే ఏర్పాటు ఉన్నా లేనట్టే.

వాట్ల సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 3 డెసిబెల్లు పెంచాలంటే యాంప్లిఫయర్ రెట్టింపు వాట్లు ఇవ్వాలి, 10 పెంచాలంటే పదింతలు. ఒక వాటుకు మీటరు దూరంలో 90 డెసిబెల్లు ఇచ్చే చిన్న గోడ స్పీకరు నాలుగు మీటర్ల దూరంలో 78 ఇస్తుంది. దానికే 6 వాట్లు ఇస్తే 86 దగ్గరికి వస్తుంది. అదే స్పీకరు అర్ధరాత్రి 67 ఇవ్వడానికి వాటులో సుమారు పన్నెండో వంతు చాలు. అంటే ఒకే స్పీకరు రాత్రి నుంచి రద్దీ దాకా డెబ్బై ఇంతలకు పైగా తేడాతో పనిచేయాలి. నాబు మీద అంటించిన టేపు చేయలేని పని ఇది.

ఇక ఈ ఏర్పాటు ఎలా పనిచేస్తుందంటే, ప్రతి జోనులో, అంటే ఒక హాలో ఒక ప్లాట్‌ఫారమో అనుకోండి, రొదను వినడానికి ఒక మైకు ఉంటుంది. దాని సిగ్నల్ డీఎస్పీ (డిజిటల్ సిగ్నల్ ప్రాసెసర్) అనే పరికరానికి వెళ్తుంది. మిక్సర్ నుంచి యాంప్లిఫయర్‌కు వెళ్లే లైను మధ్యలో ఈ డీఎస్పీని పెడతారు. కాబట్టి ఉన్న యాంప్లిఫయర్లు, 100 వోల్టుల లైను స్పీకర్లు మార్చాల్సిన పని ఉండదు. బయాంప్, బాష్, టోవా లాంటి కంపెనీల పరికరాల్లో ఈ సౌకర్యం చాలాకాలంగా ఉంది. చాలాచోట్ల కొన్న డబ్బాలోనే ఇది ఉంటుంది, ఆన్ చేసి సెట్ చేసినవాళ్లే ఉండరు.

సెట్ చేయకపోవడానికి ఒక భయం కారణం. ఆ భయంలో నిజముంది. రొద వినే మైకుకు ప్రకటన కూడా వినపడుతుంది. తన ప్రకటననే రొద అనుకుని సౌండు పెంచుతుంది, పెరిగిన సౌండును మళ్లీ రొద అనుకుంటుంది. అలా పెంచుకుంటూ పోయి రెండు నిమిషాల్లో గరిష్ఠానికి చేరి కూర్చుంటుంది. దీనికి మందు తేలికే. ప్రకటన నడుస్తున్నంతసేపు కొలత ఆపేయాలి, ముందు కొలిచిన అంకెనే పట్టుకుని ఉండాలి. ప్రకటన అయ్యాక హాలులో ప్రతిధ్వని చచ్చేదాకా రెండు సెకన్లు ఆగి, అప్పుడు మళ్లీ కొలవడం మొదలుపెట్టాలి. పెద్ద రేకుల షెడ్లలో ఈ రెండు సెకన్లను మూడు చేసుకోవచ్చు.

రైల్వే ప్రకటనలు తెలుగు, హిందీ, ఇంగ్లిషు మూడు భాషల్లో వరసగా వస్తాయి కదా. తెలుగు ప్రకటన నిశ్శబ్దంలో మొదలవుతుంది, మధ్యలో గూడ్సు బండి దూసుకొస్తుంది, చివరి ముక్క మునిగిపోతుంది. మాట నడిచేటప్పుడు కొలత లేదు కాబట్టి హిందీ కూడా తక్కువ సౌండులోనే పోతుంది. భాషకూ భాషకూ మధ్య మూడు సెకన్ల విరామం పెట్టండి. రెండు సెకన్లు ప్రతిధ్వనికి, ఒక సెకను కొలతకు. తర్వాతి భాష కొత్త రొదకు తగిన సౌండులో వస్తుంది. మునిగిపోయింది తెలుగు ప్రకటనైతే దాన్ని చివర్లో మళ్లీ వేయాలి. మన ఊళ్లో ఎక్కువమంది చెవి పెట్టేది దానికే.

దసరాకు ఇంద్రకీలాద్రి మీద పరిస్థితి వేరు. మూలా నక్షత్రం రోజున క్యూలైన్లలో ఇసక వేస్తే రాలనంత జనం. ప్రకటనల మధ్య భక్తి పాటలు ఆగకుండా నడుస్తాయి. ఖాళీ అన్నదే లేకపోతే కొలిచేదెప్పుడు? ప్రకటనకు ముందు గంట మోగించే అలవాటు ఎలాగూ ఉంది. ఆ గంటకు ముందు పాటను మూడు సెకన్లు ఆపితే చాలు. ఈ పనిని ఆపరేటరు చేతికి వదలకండి, పాట ట్రాకును తగ్గించే పని డీఎస్పీకే అప్పగించండి. తప్పిపోయిన పిల్లవాడి పేరు, వాడు వేసుకున్న చొక్కా రంగు క్యూలో ఉన్న తల్లికి చేరాలంటే ఆ మూడు సెకన్ల నిశ్శబ్దం కావాలి.

జనం ఉన్నచోట ఇంకో చిక్కు ఉంది. పాట సౌండు పెంచితే జనం కూడా గొంతు పెంచుతారు. కండక్టరుకు ఉన్న చెవే వాళ్లకూ ఉంది. జనం గొంతు పెరిగితే మైకు దాన్ని రొదగా కొలిచి ఇంకా పెంచుతుంది. మిషను తన్ను తాను వినడం ఒక చక్రం, జనంతో పోటీపడటం రెండో చక్రం. మొదటిదాన్ని కొలత ఆపి ఆపవచ్చు. రెండోదానికి ఉన్న ఒకే కట్టడి గరిష్ఠ పరిమితి. ఎంత రొద ఉన్నా ఈ అంకె దాటకూడదని గట్టిగా కట్టేయాలి. జనం నిలబడే చోట 90 డెసిబెల్లకు మించకుండా చూస్తాం మేము. రేకుల కప్పు మీద జడివాన కురిసి రొద 85 దాటితే మాట వినిపించే మార్గం లేదని ఒప్పుకోవాలి. అప్పుడు పని చేయాల్సింది డిస్‌ప్లే బోర్డులు, మెగాఫోనుతో జనంలోకి వెళ్లే మనుషులు.

ఆపరేటరు గది బయట, జనం మధ్య నిలబడి మైకులో మాట్లాడే చోట పరిమితిని ఇంకా బిగించాలి. స్పీకరు సౌండు మైకులోకి తిరిగి పోయి కూత పెడుతుంది. గదిలోంచి వచ్చే రికార్డింగుకు 20 డెసిబెల్ల దాకా పెరిగే స్వేచ్ఛ ఇవ్వవచ్చు. చేతి మైకుకు 6 దాటనివ్వకండి.

అనౌన్సరు నుంచి వచ్చే సిగ్నల్ కూడా ముందు ఒక స్థాయికి రావాలి. ఒకరు మైకును పెదాలకు ఆనించి మాట్లాడతారు, మరొకరు జానెడు దూరంలో పెట్టుకుంటారు. ఆ తేడాయే పది డెసిబెల్లు దాటుతుంది. ఇన్‌పుట్‌లో గొంతు హెచ్చుతగ్గులను సమం చేసే కంప్రెసర్ పెట్టి దాన్ని సరిచేయకుండా రొద లెక్కలు ఎంత జాగ్రత్తగా వేసినా వృథా.

బస్సు ఎయిర్ హారన్ ఒక సెకను మోగుతుంది. దానికి సౌండు పెరగకూడదు. అందుకే, భాషల మధ్య, గంటకు ముందు వచ్చే చిన్న విరామాల్లో తప్ప, క్షణం క్షణం కొలతను కాకుండా 10 సెకన్ల సగటును తీసుకోవాలి. సౌండు పెరగడం సెకనుకు 3 డెసిబెల్లు, తగ్గడం సెకనుకు 1 చొప్పున పెడితే ఎగుడుదిగుడు తెలియదు. ఐడిలింగులో ఉన్న డీజిల్ ఇంజన్ గురగుర తక్కువ ఫ్రీక్వెన్సీలో ఉంటుంది, మీటరులో అంకె పెంచుతుంది కానీ మాటను అంతగా మింగదు. వాన చప్పుడు అలా కాదు, మాట ఉన్న చోటే కూర్చుంటుంది. కాబట్టి రొద మైకు సిగ్నల్‌ను 300 హెర్ట్జ్ నుంచి 4000 హెర్ట్జ్ మధ్యకు ఫిల్టర్ చేసి కొలిస్తే లెక్క చెవికి దగ్గరగా వస్తుంది.

మన ఊరి పేర్లే ఈ చిక్కును బాగా చూపిస్తాయి. గుంటూరు, ఏలూరు, ఉయ్యూరు, నెల్లూరు, తిరువూరు. రొదలో అచ్చులు బతుకుతాయి, హల్లులు పోతాయి. ఈ ఐదింటిలోనూ చివరి "ఊరు" మాత్రం ఖణేల్‌మని వినపడుతుంది, ఏ ఊరో తెలియదు. హల్లుల్ని గుర్తుపట్టించే బలం ఎక్కువగా 2000, 4000 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. రొద పెరిగినప్పుడు మొత్తం సౌండుతో పాటు ఆ భాగాన్ని అదనంగా 3 డెసిబెల్లు లేపండి. ఊరి పేరు రెండుసార్లు చెప్పించి, ముందు "వయా" ఊళ్లు కలిపితే ఇంకా మంచిది. "తెనాలి మీదుగా" అని వినపడితే పేరు సగమే అందినా ప్రయాణికుడు బస్సు పోల్చుకుంటాడు.

రొద మైకు ఎక్కడ పెట్టాలన్నది అన్నిటికంటే ముఖ్యం, అన్నిటికంటే ఎక్కువ తప్పులు జరిగేదీ అక్కడే. సీలింగు ఫ్యాను కింద పెట్టారంటే ఫ్యాను గాలినే రొదగా కొలుస్తుంది. వేసవిలో ఫ్యాన్లన్నీ తిరిగినన్నాళ్లు ప్రకటనలు అరుస్తూనే ఉంటాయి. టీ స్టాలు పైన పెడితే మిక్సీ తిరిగినప్పుడల్లా సౌండు లేస్తుంది. ఏసీ అవుట్‌డోర్ యూనిట్లు, జనరేటరు గది, పావురాలు గూడు కట్టే దూలాలు, వీటన్నిటికీ దూరంగా, జనం కూర్చునే చోటికి పైన మూడు నాలుగు మీటర్ల ఎత్తులో, రెండు స్పీకర్ల మధ్యలో, స్పీకరు ముఖానికి ఎదురుగా లేకుండా బిగించాలి. స్పాంజి తొడుగు తప్పనిసరి, ఆరు నెలలకోసారి దాన్ని విప్పి కడగాలి. కేబులు షీల్డు ఉన్నది వాడి, కరెంటు వైర్ల పైపులో కాకుండా వేరే పైపులో లాగాలి. అదే పైపులో వేస్తే వచ్చే హమ్మును కూడా సిస్టమ్ రొద అనుకుంటుంది.

ఒక జోనుకు ఒక మైకు, ఆ జోనుకు సొంత యాంప్లిఫయర్ చానల్. మొత్తం స్టేషనుకు ఒకటే మైకు పెడితే ఒకటో ప్లాట్‌ఫారంలో ఇంజన్ కూతకు వెయిటింగ్ హాలులో నిద్రపోయేవాళ్లు లేస్తారు. జోను పెద్దదై రెండు మైకులు పెట్టాల్సి వస్తే రెండింటి సగటు తీసుకోండి. ఎక్కువ వచ్చినదాన్ని తీసుకుంటే పాడైన మైకు మాటే చెల్లుతుంది.

మైకు పాడవుతుంది, ఆ సంగతి ముందే అనుకోవాలి. తీగ తెగితే మైకు నిశ్శబ్దం అని చెబుతుంది, రద్దీలో సౌండు అడుగంటుతుంది. తడిసి గరగరలాడితే అర్ధరాత్రి గరిష్ఠానికి వెళ్తుంది. అర్ధగంట పాటు అంకె కదలకపోతే, లేదా 40 కంటే కిందికి పోతే, ఆ మైకును వదిలేసి గడియారం ప్రకారం ముందే రాసిపెట్టిన స్థాయికి వెళ్లేలా సెట్ చేయండి. బస్టాండులో రొద ఎప్పుడూ 40 డెసిబెల్లకు పడిపోదు.

సెట్టింగు చేసే రోజు క్రమం ఇలా ఉండాలి. ముందు క్లాస్ 2 సౌండ్ లెవల్ మీటరుతో తెల్లవారుజామున 3కి, ఉదయం 8కి, మధ్యాహ్నం 2కి, సాయంత్రం 7కి ఐదేసి నిమిషాల సగటు తీసుకోవాలి. కూర్చున్నవారి చెవి ఎత్తు 1.2 మీటర్లు, నిలబడ్డవారిది 1.6, రెండుచోట్లా కొలవాలి. ఫోను యాప్‌లు ఒకే ఫోనులో ఈ పూటకూ ఆ పూటకూ ఉన్న తేడా చూడటానికి పనికొస్తాయి, ఖచ్చితమైన అంకెకు పనికిరావు. ఆ నాలుగు పూటలా పైన ఉన్న రొద మైకు ఎంత చూపిస్తుందో పక్కన రాసుకోవాలి. పైకీ కిందికీ ఉన్న తేడాను డీఎస్పీలో సవరణగా వేయాలి. తర్వాత తెల్లవారుజామున ప్రకటనను చేత్తో రొద కంటే 12 డెసిబెల్లు పైకి పెట్టి అది కనిష్ఠం అని, సాయంత్రం చేత్తో సరిచేసి అది గరిష్ఠం అని రాసుకోవాలి. నిష్పత్తి ఆ రెండింటి మధ్య నుంచి వస్తుంది. చివర్లో ఐదు నిమిషాల రికార్డింగును ఆగకుండా వేసి గెయిన్ అంకెను, అంటే సిస్టమ్ సౌండును ఎంత పెంచుతోందో చెప్పే అంకెను, చూస్తూ కూర్చోవాలి. అది ఒక్క డెసిబెల్ పాకినా కొలత ఆగడం లేదని అర్థం.

ఒకటి మాత్రం దాచకుండా చెప్పాలి. ప్రతిధ్వని ఎక్కువున్న హాలులో వాల్యూమ్ మాటను బాగుచేయదు, మాటతో పాటు ప్రతిధ్వని కూడా అంతే పెరుగుతుంది. నాలుగు మూలలా నాలుగు పెద్ద బాకాలు బిగించిన చోట ఈ ఏర్పాటు పెట్టినా ఉపయోగం కొద్దే. శబ్దం సెకనుకు దాదాపు 350 మీటర్లు పోతుంది, 17 మీటర్లు ఎక్కువ దూరం నుంచి వచ్చిన మాట 50 మిల్లీసెకన్లు వెనకబడి వస్తుంది. అక్కడి నుంచి ఒక మాట రెండుగా వినపడటం మొదలవుతుంది. ఆరేడు మీటర్లకో చిన్న స్పీకరు పెట్టి, దూరపు వరసలకు డిలే (సౌండు కాస్త ఆలస్యంగా వచ్చే ఏర్పాటు) వేసి, ఆ తర్వాత రొద మైకు గురించి ఆలోచించండి.

చట్టం కూడా ఇదే కోరుతోంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం బహిరంగ స్థలం సరిహద్దు దగ్గర లౌడ్‌స్పీకరు శబ్దం ఆ ప్రాంతపు ప్రమాణం కంటే 10 డెసిబెల్లు పైన, లేదా 75, ఏది తక్కువైతే అది దాటకూడదు. ఇళ్ల మధ్య ప్రమాణం పగలు 55, రాత్రి 45. వ్యాపార ప్రాంతంలో 65, 55. ప్రాంగణం చుట్టూ ఇళ్లున్న చోట సరిహద్దు వైపు స్పీకర్లను లోపలికి తిప్పి, వాటిని వేరే జోనుగా విడదీసి, గరిష్ఠాన్ని తక్కువలో కట్టండి.

దీనికి మినహాయింపు ప్రమాద హెచ్చరిక. ప్రకాశం బ్యారేజీ దగ్గర 3.97 లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరిక, 5.69 లక్షలకు రెండో హెచ్చరిక ఇస్తారు. 2024 సెప్టెంబరులో ఆ ప్రవాహం 11.43 లక్షలు దాటింది. గేట్లెత్తినప్పుడు నది హోరు, పైన వాన. ఆ సమయంలో సిస్టమ్ రొదను కొలుస్తూ కూర్చోకూడదు. హెచ్చరిక బటన్ నొక్కగానే అన్ని పరిమితులూ పక్కకు పోయి పూర్తి సౌండు రావాలి, రొద మైకు పాడై ఉన్నా రావాలి. ఆ బటన్‌ను నెలకోసారి, పగటిపూట, ముందుగా జనానికి చెప్పి నొక్కి చూడాలి.

డబ్బు లేని చిన్న ప్రాంగణాలకు డీఎస్పీ అక్కర్లేదు. టైమరుతో మూడు స్థాయిలు మారే ఏర్పాటు, జోనుకో సౌండు తగ్గించే 100 వోల్టుల అటెన్యుయేటర్, రెండూ కలిపితే సగం బాధ తీరుతుంది.

కృష్ణా పుష్కరాలు మళ్లీ 2028లో వస్తున్నాయి. ఘాట్లకు టెండర్లు ముందే వేస్తారు. "వెయ్యి వాట్ల పీఏ సిస్టమ్" అని రాస్తే వెయ్యి వాట్లే వస్తాయి, మాట వినపడుతుందన్న హామీ రాదు. ఫలితాన్ని రాయండి: గుర్తించిన ప్రతి బిందువు దగ్గర రొద కంటే మాట 10 డెసిబెల్లు (గట్టి రద్దీలో 8) పైన, ఎస్‌టీఐ 0.5కి తగ్గకుండా, జనం దగ్గర 90 దాటకుండా, రొద పడిపోయిన అర నిమిషంలో సౌండు కిందికి. ఉదయం 11కి ఖాళీ ప్రాంగణంలో చేసిన పరీక్షకు బిల్లు పాస్ చేయకండి. పండగ రద్దీలో ఒకసారి, తెల్లవారుజామున 3 గంటలకు ఒకసారి కొలిపించండి. ఆ రెండో కొలతకు మీటరు పట్టుకుని రమ్మంటే మేము వస్తాం, దానికి డబ్బు అడగం.

ఇట్లు,
విజయవాడ సౌండు పనివాళ్లం కొందరం